ఎడంచేతి పంకా

పడవ మోటరుకి నీళ్ళ కింద తిరిగే మూడు రెక్కల చక్రాన్ని కొట్లవాళ్ళు ప్రొపెల్లరు అంటారు. మా రేవులో పంకా అంటాం. ఇంట్లో పంకా గాలిని విసురుతుంది, ఇది నీళ్ళని వెనక్కి విసిరి పడవని ముందుకు తోస్తుంది. అంతే తేడా. మా పంకా రెక్క ఒకటి విరిగింది. విరగ్గొట్టింది నేనే.

నీళ్ళు తీసిన కాలం అది. పాత రేవు తాలూకు గుంజ ఒకటి విరిగిపోయి, దాని మొదలు నీళ్ళ కింద మిగిలి ఉంది. అది ఎక్కడుందో ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెలిసిన గుంజకే తీసుకెళ్ళి తగిలించాను. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదిరాయని అందరికీ చెప్పాను. ఎండ మాట నిజమే. కళ్ళ మాటే పూర్తిగా చెప్పలేదు.

నాకు మాట తక్కువ. రేవులో నన్ను బెల్లపురాయి అంటారు, బెల్లం కొట్టిన రాయిలా ఉలకను పలకను కాబట్టి. ఆ పేరు నాకు చేటు చెయ్యలేదు. మాట్లాడని మనిషికి జనం లేని తెలివి అంటగడతారు. నేను ఊరుకుంటే ఆలోచిస్తున్నాననుకునేవాళ్ళు. చాలాసార్లు నేను ఉత్తినే ఊరుకునేవాణ్ణి.

మా అబ్బాయి ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పడవవాడి కొడుకై ఉండీ పడవెక్కితే డోకుతాడు. వాడి తప్పు కాదు, కడుపు తప్పు. పడవ మీద మనసు పడింది మా కోడలు. వచ్చిన కొత్తలో నాకు అన్నం తేవడానికి రేవుకి వచ్చేది. నేను తింటుంటే మోటరు పక్కన కూర్చుని దాన్ని చూస్తుండేది. తర్వాత నేను తినేలోపు ఒక దరి వేసి, అంటే జనాన్ని అవతలి ఒడ్డుకి దింపి, వచ్చేది. మోటరు చప్పుడు విని, లోపల నూనె సరిగా అందడం లేదు మామయ్యా అని నాకన్నా ముందు చెప్పేది. ఇక పడవ నీదేనమ్మా అని ఇంట్లో అనేశాను. అన్నాను గానీ, తెల్లారి రేవుకి వెళ్ళి మోటరు పిడి పట్టుకుంటే దాన్ని వదలడానికి చెయ్యి ఒప్పుకునేది కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ తండ్రికి, అంటే మా వియ్యంకుడికి, అవతలి ఒడ్డున పెంకుల బట్టీ ఉంది. పనివాళ్ళంతా మా ఒడ్డువాళ్ళే. వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోతారు. వాళ్ళు రోజూ మా పడవెక్కితే పడవ నిలబడుతుంది, కోడలికి ఒక పని అంటూ ఉంటుంది. లేకపోతే ఈ ఏడాదితో పడవ అమ్మెయ్యడమే. వియ్యంకుడు కాదనలేదు, అవుననలేదు. మీరు నడిపితే కళ్ళు మూసుకుని పంపిస్తాను బావగారూ, మా అమ్మాయి నడిపితే మాత్రం కళ్ళు తెరుచుకుని ఒకసారి చూడాలి అన్నాడు. చూడ్డానికి ఫలానా రోజు పొద్దున వస్తానన్నాడు. సరిగ్గా ఆ ముందు రోజే నేను గుంజకి తగిలించాను.

విరిగిన పంకాని గోనెలో చుట్టి, నేనూ కోడలూ పాత మోటరు సామాన్లు అమ్మే తుప్పాయన కొట్టుకి వెళ్ళాం. బస్టాండు వెనక సందులో రెండు గదుల కొట్టు అది. ముందు గదిలో పాత మోటర్ల తలకాయలు గోడకి వేలాడుతుంటాయి. వెనక గదిలో పంకాలన్నీ ఒక ఇనప కడ్డీకి గాజుల్లా గుచ్చి ఉంటాయి. నేలంతా నూనె తాగి నల్లబడింది, చెప్పులు అతుక్కుంటాయి. తుప్పాయనకి చెవులు సరిగా వినపడవు, అందుకని ఊరందరికీ వినపడేట్టు మాట్లాడతాడు. నన్ను చూడగానే, ఏం బెల్లపురాయీ, ఇంకా చీమలు పట్టలేదా అన్నాడు. అక్కడ స్క్రూలు ఏరుకుంటున్న మనిషెవరో కిసుక్కుమన్నాడు.

తుప్పాయన విరిగిన పంకా పట్టుకుని నడుమ బొక్కలో వేలు పెట్టి పళ్ళు తడిమాడు. ఇలాంటివి జంటగా ఉన్నాయని లోపల్నుంచి రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే పడవవి, ఒకే రంగు, ఒకే సైజు. అప్పుడు అడిగాడు.

"నీది కుడిదా, ఎడమదా?"

ఇక్కడ నా చేతి సంగతి చెప్పాలి. నాది పుర్రచేతి వాటం. నేను బడికి వెళ్ళింది మూడేళ్ళు, అందులో సగం ఆ చెయ్యి మార్పించడానికే సరిపోయింది. మేష్టారు దాన్ని బల్లకి కట్టేసేవాడు. అక్షరాలు కుడిచేతికి రాలేదు, ఎడంచేతిని రానివ్వలేదు. తర్వాత ఎవరు ఎడమ అన్నా నాకు చెవులు వేడెక్కేవి. మోటరు పిడి కూడా నేను ఎడంచేత్తోనే పడతాను, రేవంతా ఎరిగిన విషయమే. తుప్పాయన దాని గురించే ఎకసెక్కం ఆడుతున్నాడనుకున్నాను.

"ఎడమదే," అన్నాను. "ఎడమదైతే ఇవ్వవా?"

తుప్పాయన మొహం విప్పారింది. ఎందుకివ్వను, దాన్ని అడిగే నాథుడు లేక ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుపోతోంది అన్నాడు. జంట మోటర్ల పడవ గురించి ఇంకా ఏదో చెప్పుకొచ్చాడు. నేను వినలేదు.

కొలత నేనే వేశాను. పాత పంకాని ఒక దాని మొహానికి మొహం ఆనించి పెట్టాను. రెక్కల అంచులు కలవలేదు, ఒకటి ఇటు వంగితే ఇంకోటి అటు వంగింది. దాన్ని పక్కన పెట్టి రెండోదానికి ఆనించాను. రెండు అరచేతులు కలిపినట్టు అతికిపోయింది. విరిగిన రెక్క తప్ప మిగతా రెండూ వెంట్రుకవాసి తేడా లేవు. ఇదే అన్నాను.

కోడలు పక్కనే నిలబడి ఉంది. మామయ్యా, ఎదురెదురుగా కాదు, పళ్ళాలు పేర్చినట్టు ఒకదాని వీపు మీద ఒకటి పెట్టి చూద్దామా అంది. కొత్తదాని మీద అంకెల చివర ఒక అక్షరం ఎక్కువుంది, మనదాని మీద లేదు అని కూడా అంది. వేలితో ఆ అక్షరం చూపించబోయింది.

నేను పంకాని అప్పటికే గోనెలో వేస్తున్నాను. "నీళ్ళకి చదువు రాదమ్మా," అన్నాను.

తుప్పాయన పకపకా నవ్వాడు. స్క్రూల మనిషి కూడా నవ్వాడు. మాట్లాడక మాట్లాడక ఎంత మాటన్నాడు అన్నారు. కోడలూ నవ్వింది, వాళ్ళ కోసం. చాపిన వేలు మడుచుకుంది.

ఆ సాయంత్రమే పంకా బిగించాం. ఒకసారి నీళ్ళలో తిప్పి చూద్దామని కోడలు రెండుసార్లు అడిగింది. పంకా పెట్టడం ఇవాళ కొత్తగా నేర్చుకున్నానా అన్నాను. అంత మాటన్నాక ఇంకెవరు అడుగుతారు.

మర్నాడు పొద్దున వియ్యంకుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వంతెన మీదుగా వచ్చాడు. రేవు పలకల చివర నిలబడ్డాడు. పడవలో రోజూ ఎక్కేవాళ్ళే ఉన్నారు: కూరల బుట్టలావిడ, సైకిలు పట్టుకుని గుమాస్తా, ఇంకొందరు. పడవ వీపు పలకలవైపు, ముక్కు నీళ్ళవైపు ఉంది. కోడలు మోటరు దగ్గర కూర్చుంది. నేను ముందుకెళ్ళి తాడు విప్పాను. మోటరు ఒక్క లాగుడుకే అందుకుంది. వియ్యంకుడు తల పంకించాడు. ఆవిడ నావైపు చూసింది, నేను కానీ అన్నట్టు చెయ్యి ఊపాను. ముందుకి గేరు వేసింది.

పడవ వెనక్కి వచ్చింది.

మెల్లగా రాలేదు. ఎవరో జుట్టు పట్టి లాగినట్టు వచ్చి పలకలకి గుద్దుకుంది. మోటరు కాలు నీళ్ళలోంచి ఎగిరి, గాల్లో పంకా కీచుమంటూ, రేవు అడుగున ఉన్న బురదంతా వియ్యంకుడి చొక్కా మీద చల్లింది. కూరల బుట్ట ఒరిగి వంకాయలు దొర్లాయి. కోడలు మోటరు కట్టేసి, గేరు చూసుకుని, మళ్ళీ వేసింది. మళ్ళీ వెనక్కే. పలకల మీద జనం పోగయ్యారు. వెనక్కి గేరు వెయ్యమ్మా, ముందుకెళ్తుందేమో అన్నాడు గుమాస్తా. అందరూ ఘొల్లుమన్నారు.

వియ్యంకుడు నవ్వలేదు. ఆయనకి బట్టీలో నీళ్ళ పంపులూ మోటర్లూ అలవాటే. పలకల మీద వంగి, పైకి లేచిన పంకాని చేత్తో తిప్పి చూశాడు. ఇది ఎడమవాటానికి తిరిగే పంకా, జంట మోటర్ల పడవకి రెండోవైపు పెట్టేది, దీనికి పెట్టారేమిటి అన్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"ఇది ఎంచింది ఎవరు?"

కోడలు నావైపు చూసింది. ఎంతోసేపు కాదు, చినుకు పడి ఆరేంత. నేను నీళ్ళవైపు చూశాను.

"నేనే నాన్నా," అంది. "కొట్లో నేనే చూసి తీసుకున్నా."

ఆయన మొహం ఎర్రబడింది. చొక్కా మీద బురద కన్నా ఆ మాట ఆయన్ని ఎక్కువ తాకినట్టుంది. అంతమందిలో కూతురితో అన్నాడు, కుడీ ఎడమా తెలియని చేతిలో నా మనుషుల ప్రాణాలు పెట్టమంటావా అని. మామగారు పక్కనే ఉండగా నీ సొంత పెత్తనం ఏమిటని కూడా అన్నాడు. ఆవిడ తల వంచుకుని తాడు చుట్టలు చుట్టుకుంటూ కూర్చుంది. ఆయన వచ్చిన దారినే వంతెనవైపు వెళ్ళిపోయాడు.

నేను నోరు విప్పలేదు. నాలుక లేవలేదు అని చెప్పుకోవచ్చు, కానీ అది సగమే. ఇంకో సగం ఇది. ఆయన ఆవిణ్ణి అంటున్నప్పుడు నాలో ఒక మూల చల్లబడింది. పిడి ఇక నా దగ్గరే ఉంటుంది అనిపించింది. అలా అనిపించిన మనిషిని నేనే. అంతకుముందు నా గురించి నాకు ఈ సంగతి తెలియదు.

కూరల బుట్టలావిడ వంకాయలు ఏరుకుంటూ పక్కావిడతో అంది, నాకు వినపడింది.

"పాపం పెద్దాయన. కోడలు అంత నష్టం చేసినా ఒక్క మాటనలేదు చూడు."

ఇంటికొచ్చాక కోడలు పెరట్లో కూర్చుని గోనెకి అంటిన బురద కడుగుతోంది. అబ్బాయి పనిలోకి పోతూ ఏమైందని అడిగితే, పంకా తేడా వచ్చింది అని ఊరుకుంది. వాడు వెళ్ళాక నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎందుకలా చెప్పావని అడిగాను.

"మీ రేవు కదా మామయ్యా," అంది తలెత్తకుండా. "రేపు మళ్ళీ మీరు ఆ జనం మధ్యే కూర్చోవాలి. నాదేముంది, కొత్తదాన్ని. నాలుగు రోజులు నవ్వి మర్చిపోతారు."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. ఉతికిన గోనె పిండి ఆరేసింది. అన్నం పెట్టింది. తినకపోతే అడుగుతుందని తిన్నాను.

వియ్యంకుడి దగ్గరికి వంతెన మీదుగా వెళ్తే దారి పొడవునా తెలిసినవాళ్ళు తగులుతారు. అందుకని మోటరు దించి పలకల మీద పెట్టి, తెడ్లు వేసుకుని ఒక్కణ్ణే పడవలో బయల్దేరాను. తెడ్డు వేసి చాలా కాలమైంది. నడుము సగం దూరంలోనే మొరాయించింది. బట్టీ దగ్గర వియ్యంకుడు చొక్కా మార్చుకుని, పచ్చి పెంకులు ఆరబెట్టిన పాకలో నిలబడి ఉన్నాడు. చిరునవ్వుతో ఎదురొచ్చాడు. పొద్దున మాట జారాను, మీ ముందు పిల్లని అనకుండా ఉండాల్సింది అన్నాడు. మీరు ఎంత నిబ్బరంగా ఉన్నారు బావగారూ, నేనే ఆగలేకపోయాను అని కూడా అన్నాడు. అంటే నేను చెప్పబోయేది చెప్పకముందే నా నెత్తిన ఇంకో గంప పెట్టాడు.

దారంతా మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాను. అన్నీ పోయాయి. మాటల్లో రాక, చేతుల్తో చూపించబోయాను. పాత పంకా ఇది, కొత్తది ఇది అని రెండు చేతులూ చాపి, అరచేతులు ఎదురెదురుగా కలిపాను. ఇలా ఆనించాను, అతికింది, అందుకని అదే అనుకున్నాను అని చెప్పాలని.

ఆయన కంగారుపడి నా చేతులు రెండూ పట్టేసుకున్నాడు. "అయ్యయ్యో, ఏమిటిది బావగారూ! పెద్దవారు, మీరు నాకు దణ్ణం పెట్టడమేమిటి?"

దణ్ణం కాదు, కొలత అని చెప్పబోయాను. అప్పుడు అనిపించింది, దణ్ణమే కానీ అని. చేతులు విడదీయలేదు. ఆ చేతుల్ని ఆయన చేతుల్లో ఉంచే చెప్పాను.

"ఎంచింది నేను. పిల్ల వద్దంది. నేను వినలేదు. పొద్దున నేను నోరు మూసుకుని నిలబడ్డాను."

ఆయన నా చేతులు వదిలేశాడు. పక్కన ఆరుతున్న పెంకు ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ అక్కడే పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన మొహంలో కోపం లేదు. నలుగురిలో అంత మాట అన్నానే పిల్లని అన్నాడు. అని, ఆ పాక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఇద్దరు ముసలాళ్ళం, ఒకరి మొహం ఒకరు చూసుకోలేక పచ్చి పెంకుల్ని చూస్తూ కూర్చున్నాం. పనివాళ్ళు అటు వస్తూ వస్తూ మమ్మల్ని చూసి వెనక్కి మళ్ళారు.

చివరికి ఆయనే లేచాడు. నలుగురిలో పడ్డ మాట నలుగురిలోనే తియ్యాలి, పదండి అన్నాడు.

పడవలో ఒక తెడ్డు ఆయన తీసుకున్నాడు. కుడివైపు ఆయన, ఎడమవైపు నేను. ఆయన లాగేటప్పుడు నేను ఎత్తుతాను, నేను లాగేటప్పుడు ఆయన ఎత్తుతాడు. పడవ పాములా మెలికలు తిరుగుతూ, మధ్యలో ఒకసారి గిర్రున తిరిగి బట్టీవైపే మొహం పెట్టింది. ఎడ్డెమంటే తెడ్డెం అంటారు, ఇదే కాబోలు బావగారూ అన్నాడు ఆయన రొప్పుతూ. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వే హక్కు ఇంకా రాలేదనిపించింది.

సాయంత్రం దరికి జనం రేవులో ఉన్నారు. కోడలు పలకల మీద మోటరు విప్పి, ఆ పంకాని ఊడదీస్తోంది. మమ్మల్నిద్దర్నీ ఒకే పడవలో చూసి లేచి నిలబడింది. వియ్యంకుడు కూతురికి క్షమాపణ లాంటిదేదీ చెప్పలేదు. తండ్రులకి అది రాదు. పైకి వచ్చి, పొద్దున్నే మా మనుషుల్ని ఎన్నింటికి పంపించమంటావు అని మాత్రం అడిగాడు, అందరికీ వినపడేట్టు. ఆవిడకి అర్థం కాలేదు. నావైపు చూసింది.

ఈసారి నీళ్ళవైపు చూడలేదు. కూరల బుట్టలావిడవైపు తిరిగాను. పొద్దున మాటన్నది ఆవిడే కాబట్టి. "అమ్మా, పంకా ఎంచింది కోడలు కాదు. నేను. ఆ పిల్ల నా తప్పు నెత్తిన వేసుకుంటే ఊరుకున్నాను," అన్నాను.

గుమాస్తా సైకిలు బెల్లు ఊరికే ఒకసారి నొక్కి ఆపాడు. కూరలావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, మొహం తిప్పుకుని, బుట్ట సర్దుకుంది. తిట్టినా తేలికయ్యేది. రాయి మాట్లాడితే ఇదా అన్నట్టుంది ఆ చూపు. నాకు తగిన చూపే.

మర్నాడు తుప్పాయన కొట్టుకి మళ్ళీ వెళ్ళాం. కుడిదా ఎడమదా అని ఆయన మళ్ళీ గట్టిగా అడిగాడు. కుడివాటం అంది కోడలు. పాతదాని మీద కొత్తది పళ్ళాల్లా పేర్చి, రెక్క వెనక రెక్క పెట్టి వేలితో అంచు తడిమింది. ఎదురెదురుగా పెడితే రెండు అరచేతులూ అతుకుతాయి, కానీ అందులో ఒకటి కుడిది, ఒకటి ఎడమది. పంకా మీది అంకెలు చదివి, జనం బరువు ఎక్కువ ఉంటుంది కదా, ఇంతే వెడల్పులో మెలిక కాస్త తక్కువున్నది ఉందా అని అడిగింది. బరువు లాగాలంటే అదే మంచిదట. తుప్పాయన లోపలికి వెళ్ళి ఇంకోటి తెచ్చాడు. ఈ వెతుకులాటంతా నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. మేం బయల్దేరుతుంటే ఆయన నన్ను వదల్లేదు, ఏం బెల్లపురాయీ, నీళ్ళకి చదువొచ్చిందా అన్నాడు.

"నీళ్ళకి కాదు, నాకే రాలేదు," అన్నాను. ఆయనకి వినపడలేదు. మళ్ళీ చెప్పాను, గట్టిగా.

బట్టీ పనివాళ్ళు ఎక్కిన మొదటి పొద్దున కోడలు మోటరు దగ్గర కూర్చుంది. నేను ఆవిడకి కాస్త ముందర, జనం మధ్య కూర్చున్నాను. పడవ ముందుకే వెళ్ళింది. నిండా మనుషులున్నా మోటరు రొప్పలేదు. నా ఎడంచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడ కింద పెట్టుకున్నాను.

కొంత దూరం పోయాక, గుంజ ఎక్కడ మామయ్యా, చూపించండి అంది కోడలు. నన్ను పెద్దరికంలో కూర్చోబెట్టాలని అడిగింది, నాకు తెలుసు. చెయ్యి తీసి చూపించాను, అదిగో అని.

ఆవిడ కొంచెం ముందుకి వంగి, నాకు మాత్రమే వినపడేట్టు, "దాటేశాం మామయ్యా," అంది. తర్వాత అందరికీ వినపడేలా, "ఆఁ, అదే, చూశాను," అంది.

మళ్ళీ నా తప్పు కప్పింది. చెయ్యి దించాను. పక్కన కూర్చున్న పనివాడు నేను చూపించిన వైపే కళ్ళు చికిలించి వెతుకుతున్నాడు.

"అక్కడ ఏమీ లేదు బాబూ," అన్నాను వాడితో, అందరూ వింటుండగా. "గుంజ వెనక ఉండిపోయింది. నాకు కనపడదు. ఆ పిల్లకి కనపడుతుంది."